నాకే ఎందుకొచ్చింది? థైరాయిడ్ మీద సొంత ఒళ్ళే తిరగబడటానికి కారణాలు

రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పని చెయ్యమని మెదడు కింది పిట్యుటరీ గ్రంథి పంపే హార్మోను) పక్కన ఒక పెద్ద అంకె, యాంటీ టీపీవో (థైరాయిడ్‌లోని ఒక ఎంజైముకి వ్యతిరేకంగా ఒళ్ళే తయారుచేసే యాంటీబాడీ అనే ప్రొటీను) పక్కన ఇంకా పెద్ద అంకె కనిపించిన రోజు ఎవరైనా మొదట అడిగేది మాత్ర ఎంత వేసుకోవాలని కాదు, నాకే ఎందుకొచ్చింది అని. ఆ ప్రశ్నకి చుట్టూ ఉన్నవాళ్ళ దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. టెన్షన్ ఎక్కువ పెట్టుకుంటావు కదా, వేళకి తినవు కదా, రాత్రిళ్ళు మేలుకుని ఉంటావు కదా. మాటలు వేరైనా అన్నీ చివరికి ఒక్క చోటికే చేరతాయి, నువ్వే తెచ్చుకున్నావు అని. ఆ మాట తప్పు. అది ఎందుకు తప్పో, అసలు కారణాల గురించి ఇప్పటిదాకా గట్టిగా తెలిసిందేమిటో, ఇంకా తేలనిదేమిటో వీలైనంత తేలిగ్గా చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆటోఇమ్యూన్ థైరాయిడ్, అంటే సొంత రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద పడటం, ఒకే జబ్బు కాదు. అందులో ముఖ్యమైనవి హషిమోటో, గ్రేవ్స్ అనే రెండు. హషిమోటోలో రోగనిరోధక కణాలు గ్రంథిలోకి చొరబడి, హార్మోను తయారుచేసే కణాల్ని ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా చంపేస్తాయి, దాంతో హార్మోను తగ్గిపోతుంది. గ్రేవ్స్‌లో చంపడం ఉండదు, ఒక రకం యాంటీబాడీ వెళ్ళి టీఎస్‌హెచ్ అతుక్కోవాల్సిన చోట తానే అతుక్కుని, పని చెయ్యి పని చెయ్యి అని గ్రంథిని ఆగకుండా తరుముతుంది, దాంతో హార్మోను పొంగిపోతుంది. ఒకటి ఇటు, ఒకటి అటు అన్నట్టు కనిపిస్తాయి గానీ రెండింటి మూలం ఒకటే. అందుకే తల్లికి ఒకటి, కూతురికి రెండోది రావడం చూస్తుంటాం. ఒకే మనిషిలో ఒకదాని తర్వాత ఇంకొకటి రావడం కూడా ఉంది.

ఈ మూలం బయటపడటానికి చాలా కాలం పట్టింది. 1912లో జపాన్‌కి చెందిన హకారు హషిమోటో అనే యువ సర్జన్ నలుగురు ఆడవాళ్ళ థైరాయిడ్ ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి, గ్రంథి నిండా తెల్లరక్తకణాలు కిక్కిరిసి ఉన్నాయని ఒక జర్మన్ పత్రికలో రాశాడు. ఎందుకు ఉన్నాయో ఆయనకి తెలిసే వీలు లేదు. తర్వాత సొంత ఊరికి వెళ్ళి వైద్యం చేసుకుంటూ 1934లో టైఫాయిడ్‌తో చనిపోయాడు, తన పేరు ప్రపంచమంతా రిపోర్టుల మీద ఉంటుందని తెలియకుండానే. ఆ రోజుల్లో శరీరం తన మీద తానే దాడి చేసుకోదనేది దాదాపు ఒక సిద్ధాంతం. 1956లో అది కూలిపోయింది. అమెరికాలో బఫెలోలో నోయెల్ రోజ్, విటెబ్‌స్కీ కుందేళ్ళకి వాటి సొంత థైరాయిడ్ రసాన్నే, రోగనిరోధక వ్యవస్థని రెచ్చగొట్టే ఒక పదార్థంతో కలిపి ఇంజెక్షన్ ఇస్తే, వాటి రక్తంలో తమ థైరాయిడ్‌కే వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టాయి, గ్రంథి కూడా దెబ్బతింది. అదే ఏడాది లండన్‌లో రోయిట్, డోనియాక్ బృందం హషిమోటో రోగుల రక్తంలో అలాంటి యాంటీబాడీలనే చూపించింది. అంటే ఏం జరుగుతోందో మనకి తెలిసి 70 ఏళ్ళు. ఎందుకు మొదలవుతోంది అన్నది మాత్రం ఇంకా ముక్కలు ముక్కలుగానే తెలుస్తోంది.

కారణాల్లోకి వెళ్ళేముందు ఇంకొక్క మాట, ఇది తెలియకే చాలామంది తప్పు దారిలో కారణం వెతుకుతారు. యాంటీబాడీలు కనబడటం వేరు, జబ్బు పైకి తేలడం వేరు, రెండింటి మధ్య చాలా ఏళ్ళు ఉండొచ్చు. ఇంగ్లండ్‌లో విక్‌హామ్ అనే చోట 1970లలో వేలమందిని పరీక్షించి, 20 ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే మనుషుల్ని వెతికి చూశారు. టీఎస్‌హెచ్ మామూలుగా ఉండి యాంటీబాడీలు మాత్రమే ఉన్న ఆడవాళ్ళలో ఏడాదికి దాదాపు 2 శాతం మందికి హైపోథైరాయిడిజం, అంటే హార్మోను తగ్గిపోయే స్థితి, వచ్చింది, రెండూ తేడాగా ఉన్నవాళ్ళలో ఏడాదికి 4 శాతం పైచిలుకు. అంటే యాంటీబాడీ ఉన్నా ఏళ్ళ తరబడి ఏమీ కానివాళ్ళు బోలెడంతమంది. ఇంకో సంగతి కూడా ఇక్కడే ఉంది. రిపోర్టు తేడా వచ్చిన నెలలో జరిగిన గొడవో, మానేసిన వ్యాయామమో, ఆ మధ్య వచ్చిన జ్వరమో కారణం అనుకుంటాం, కానీ అసలు కథ అంతకు చాలా ముందే, మనకి ఏ జ్ఞాపకమూ లేని రోజుల్లో మొదలై ఉంటుంది.

ఇక కారణాలు. అన్నిటికంటే బరువైనది పుట్టుక. దీన్ని కొలవడానికి కవలల్ని మించిన దారి లేదు. డెన్మార్క్‌లో కవలలందరి వివరాలూ నమోదు చేసే రిజిస్టర్ ఒకటి ఉంది, దాన్ని పట్టుకుని 2001లో ఒక లెక్క తీశారు. ఒకే పిండం నుంచి విడిపోయిన కవలల్లో ఒకరికి గ్రేవ్స్ ఉంటే రెండోవాళ్ళకి కూడా ఉన్నది 35 శాతం జంటల్లో. వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలల్లో 3 శాతమే. ఈ తేడాని బట్టి గ్రేవ్స్ వచ్చే గుణంలో సుమారు 79 శాతం జన్యువులదేనని అంచనా కట్టారు. నన్నడిగితే ఈ అంకెల్ని రెండు వైపుల నుంచీ చదవాలి. 35కీ 3కీ ఉన్న దూరం జన్యువుల బలం చెబుతుంది. కానీ 35 అంటే 100 కాదు కదా. అచ్చుగుద్దినట్టు అవే జన్యువులున్న ఇద్దరిలో ఒకరికి జబ్బొస్తే, మూడింట రెండు వంతుల జంటల్లో రెండోవాళ్ళు బాగానే ఉన్నారు. పుట్టుకతో వచ్చేది జబ్బు కాదు, జబ్బుకి అనువైన నేల మాత్రమే.

ఆ నేల ఎలాంటిదో కొంత తెలుసు. తెల్లరక్తకణాల్లో ఒక రకమైన టీ కణాలు ఛాతీలో ఉండే థైమస్ అనే చిన్న గ్రంథిలో పెరుగుతాయి. అక్కడ వాటికి ఒక పరీక్ష ఉంటుంది. ఒంట్లోని రకరకాల ప్రొటీన్ల తునకల్ని వాటికి చూపిస్తారన్నమాట, వాటి మీద గట్టిగా విరుచుకుపడే కణాలు అక్కడే చచ్చిపోతాయి. థైరాయిడ్‌కి చెందిన ప్రొటీన్లు కూడా ఆ పరీక్షలో ఉంటాయి. అయితే టీఎస్‌హెచ్ గ్రాహకం, అంటే టీఎస్‌హెచ్ అతుక్కునే ప్రొటీను, దాని జన్యువులో ఒక రకం మార్పు ఉన్నవాళ్ళకి ఆ ప్రొటీను థైమస్‌లో తక్కువగా తయారవుతుంది, అందువల్ల దాన్ని శత్రువనుకునే కణాలు కొన్ని పరీక్ష తప్పించుకుని బయటపడతాయి. అలా తప్పించుకున్నవి మన అందరిలోనూ ఎంతోకొంత ఉంటాయి, వాటిని అదుపులో పెట్టడానికి బ్రేకులు ఉన్నాయి. సీటీఎల్‌ఏ-4 అలాంటి ఒక బ్రేకు. దాని జన్యువులో చిన్న తేడాలకీ ఈ జబ్బులకీ సంబంధం ఉందని పదే పదే తేలింది. హెచ్‌ఎల్‌ఏ-డీఆర్3, పీటీపీఎన్22 లాంటి పేర్లు కూడా వినిపిస్తాయి, అవన్నీ రోగనిరోధక వ్యవస్థ దేన్ని చూస్తుంది, ఎంత గట్టిగా స్పందిస్తుంది అనేవాటికి సంబంధించినవే. ఒక్కొక్కటీ పెంచే ముప్పు కొంచెమే. అందుకే ఇది అమ్మ నుంచి అమ్మాయికి తిన్నగా దిగే జబ్బు కాదు, కుటుంబంలో అక్కడక్కడా తేలే జబ్బు. ఒకరికి థైరాయిడ్, ఇంకొకరికి టైప్ 1 డయాబెటిస్, మరొకరికి బొల్లి, ఇలా. నేల ఒకటే, మొలిచేవి వేరు.

బ్రేకు మాట నిజమని ఎలా తెలుసు అంటే, ఆసుపత్రుల్లో అనుకోకుండానే అది రుజువైంది. క్యాన్సర్‌కి ఇప్పుడు వాడుతున్న ఇమ్యునోథెరపీ మందులు సరిగ్గా ఈ బ్రేకుల్నే, అంటే సీటీఎల్‌ఏ-4నో పీడీ-1నో, కావాలని విడుదల చేస్తాయి, టీ కణాలు గడ్డ మీద పడాలని. వాటిని కనిపెట్టిన ఆలిసన్, హోంజోలకి 2018లో నోబెల్ వచ్చింది. ఆ మందులు తీసుకున్న కొందరిలో టీ కణాలు థైరాయిడ్ మీద కూడా పడి దాన్ని నెలల్లోనే దెబ్బతీస్తాయి. మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బుకి ఇచ్చే అలెంటుజుమాబ్ తీసుకున్నవాళ్ళలో దాదాపు మూడింట ఒక వంతు మందికి థైరాయిడ్ జబ్బు వస్తుంది, అందులో ఎక్కువ గ్రేవ్స్. ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా అనే మందుతోనూ ఇలాగే చూశారు. రోగనిరోధక వ్యవస్థ అదుపు చెడితే మొదట దెబ్బతినేవాటిలో థైరాయిడ్ ఒకటని ఇంతకంటే స్పష్టంగా చెప్పే సాక్ష్యం లేదు.

మరి ఆడవాళ్ళకే ఎక్కువగా ఎందుకు? మగవాళ్ళతో పోలిస్తే ఐదు నుంచి పది రెట్లు ఎక్కువ. హార్మోన్లు అనేసి ఊరుకోవడం తేలిక, కానీ కథ ఎక్స్ క్రోమోజోము చుట్టూ కూడా తిరుగుతోంది. రోగనిరోధక వ్యవస్థకి సంబంధించిన జన్యువులు దాని మీద చాలా ఉన్నాయి. ఆడవాళ్ళకి అవి రెండు ఉంటాయి కాబట్టి ప్రతి కణంలో ఒకదాన్ని నోరు నొక్కి ఉంచాలి. ఎగ్జిస్ట్ అనే ఒక ఆర్‌ఎన్‌ఏ, ఎన్నో ప్రొటీన్లతో కలిసి ఆ పని చేస్తుంది. 2024లో అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, ఆ ఆర్‌ఎన్‌ఏ ప్రొటీన్ల ముద్దే ఆటోఇమ్యూనిటీని రెచ్చగొట్టగలదని కనబడింది. ఆసక్తికరమైన ఆధారమే గానీ, ఒకే ఎక్స్ ఉండే టర్నర్ సిండ్రోమ్ ఆడపిల్లల్లో కూడా హషిమోటో మామూలు కంటే ఎక్కువ. కాబట్టి ఈ ఒక్క వివరణతో అంతా తేలిపోదు.

నేల సిద్ధంగా ఉంది, మరి విత్తనం ఏది? ఇక్కడ అందరికంటే ముందు నిలబడేది అయోడిన్, అందరూ అపార్థం చేసుకునేది కూడా అదే. థైరాయిడ్ హార్మోను తయారీకి అయోడిన్ తప్పనిసరి, అది చాలకపోతే థైరాయిడ్ ఉబ్బి వచ్చే గొంతు వాపు, పిల్లల్లో మెదడు ఎదుగుదల దెబ్బతినడం లాంటి ఘోరాలు జరుగుతాయి. ఉప్పులో అయోడిన్ కలపడం ప్రజారోగ్యంలో ఒక గొప్ప పని, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. అయితే అది పెరిగినకొద్దీ ఆటోఇమ్యూన్ థైరాయిడ్ కూడా కొంత పెరుగుతుందని సాక్ష్యాలు గట్టిగానే ఉన్నాయి. చైనాలో మూడు ప్రాంతాల్ని, ఒకచోట అయోడిన్ కాస్త తక్కువ, ఒకచోట కావలసినదానికంటే కొంచెం ఎక్కువ, ఒకచోట మితిమీరి, ఐదేళ్ళ పాటు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. కొత్తగా ఆటోఇమ్యూన్ థైరాయిడైటిస్ (ఈ దాడి వల్ల గ్రంథికి వచ్చే వాపు) వచ్చినవాళ్ళు వరసగా 0.2, 1.0, 1.3 శాతం. డెన్మార్క్‌లో 2000 నుంచి ఉప్పులో అయోడిన్ తప్పనిసరి చేశాక గొంతు వాపులు తగ్గాయి, హైపోథైరాయిడిజం కొత్త కేసులు మాత్రం పెరిగాయి. ఈ అంకెలు చూసి ఉప్పు మార్చేసుకోవాలనుకోవడం పొరపాటు. పెద్దవాళ్ళకి రోజుకి 150 మైక్రోగ్రాములు, గర్భిణులకి 250 కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఆ మేరకు అందాల్సిందే. జాగ్రత్త పడాల్సింది థైరాయిడ్‌కి మంచిదని చెప్పి అమ్మే ఎక్కువ మోతాదు అయోడిన్ చుక్కల దగ్గర, సముద్రపు పాచి మాత్రల దగ్గర. హషిమోటో ఉన్నవాళ్ళు వాటిని తమంతట తాము మొదలుపెట్టడం, నా ఉద్దేశంలో, ఉన్న మంటలో నూనె పొయ్యడమే. గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే అమియోడరోన్ అనే మందు బరువులో మూడో వంతు పైగా అయోడినే, అందుకే దాన్ని వాడేవాళ్ళకి డాక్టర్లు థైరాయిడ్ పరీక్షలు క్రమంగా చేయిస్తారు.

అయోడిన్ ఎక్కువైతే దాడి ఎందుకు పెరగాలి? రెండు ముఖ్యమైన సంగతులు ఉన్నాయి. ఒకటి, అయోడిన్ ఎక్కువగా చేరిన థైరోగ్లోబ్యులిన్ అనే ప్రొటీను, మామూలు దానికంటే రోగనిరోధక వ్యవస్థ కంటికి తొందరగా ఆనుతుంది. రెండోది నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. హార్మోను తయారు చేసుకోవడానికి థైరాయిడ్ తన లోపల హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేసుకుంటుంది, అదే, గాయాలు కడిగే ఘాటైన రసాయనం. అయోడిన్‌ని ప్రొటీనుకి అతికించడానికి అది కావాలి. అంటే ఈ గ్రంథి పుట్టినప్పటి నుంచీ నిప్పుతో పనిచేస్తోంది, కాలకుండా చూసుకోవడానికి దానికి సొంత ఏర్పాట్లు ఉన్నాయి. ఆ ఏర్పాట్లలో ముఖ్యమైన ఎంజైములకి సెలీనియం కావాలి. ఒంట్లో గ్రాముకి లెక్కేస్తే సెలీనియం ఎక్కువగా ఉండే అవయవం థైరాయిడే. కాపలా ఎంజైములు బలహీనపడినా, పెరాక్సైడ్ మితిమీరినా కణాలు దెబ్బతిని లోపలి ప్రొటీన్లు బయటపడతాయి, వాటిని చూసి దాడి మొదలవుతుంది లేదా ముదురుతుంది.

ఇది తెలిశాక అందరికీ వచ్చే ఆలోచన సెలీనియం మాత్రలు వేసుకుంటే సరి అని. పరీక్షల్లో వాటివల్ల యాంటీబాడీల అంకె తగ్గిన మాట నిజమే. కానీ మనిషి బాగుపడటం, మాత్ర డోసు తగ్గడం లాంటి అసలు ఫలితాలు నిలకడగా కనబడలేదు. గ్రేవ్స్‌తో పాటు కళ్ళకి వచ్చే జబ్బు తేలికపాటిగా ఉన్నప్పుడు మాత్రం ఆరు నెలల సెలీనియం మేలు చేసిందని 2011లో యూరప్‌లో జరిగిన ఒక పరీక్ష చూపించింది. ఎక్కువైతే జుట్టు ఊడటం, గోళ్ళు విరగడం లాంటి విషలక్షణాలు తెచ్చే పదార్థం ఇది, కావలసిన మోతాదుకీ చేటు చేసే మోతాదుకీ మధ్య దూరం తక్కువ. సొంతంగా వేసుకోకండి.

సిగరెట్ సంగతి విచిత్రంగా ఉంటుంది. గ్రేవ్స్ వచ్చే ముప్పుని అది సుమారు రెండింతలు చేస్తుంది, కంటి జబ్బుని ఇంకా ఘోరంగా పెంచుతుంది. గ్రేవ్స్ ఉన్నవాళ్ళు చేయగలిగిన అతి పెద్ద మేలు పొగ మానెయ్యడమే, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. అదే సిగరెట్ తాగేవాళ్ళలో టీపీవో యాంటీబాడీలు మాత్రం తక్కువగా కనబడతాయి. దాన్ని ఎవరూ సాకుగా తీసుకోకూడదు, ఊపిరితిత్తులకీ గుండెకీ జరిగే చేటు ముందు అది లెక్కలోకే రాదు. కానీ ఒకే పొగ ఒక జబ్బుని పెంచి, దాని తోబుట్టువుని తగ్గిస్తోందంటే, రెండు జబ్బుల మూలం ఒకటే అయినా దారులు వేరని తెలుస్తోంది.

టెన్షన్ దగ్గరికి వద్దాం, మొదట చెప్పిన నింద అదే కాబట్టి. దీనికి చరిత్ర కూడా ఉంది. ఇంగ్లండ్‌లో కేలబ్ పారీ అనే వైద్యుడి రాతలు ఆయన పోయాక 1825లో అచ్చయ్యాయి, అందులో ఒక 21 ఏళ్ళ అమ్మాయి చక్రాల కుర్చీలో వాలు మీద జోరుగా దొర్లి కిందపడి, ఆ భయం తర్వాత గుండెదడ, గొంతు వాపు మొదలయ్యాయని ఉంది. అప్పటి నుంచీ గ్రేవ్స్‌కీ మానసిక దెబ్బకీ ముడిపెడుతూనే ఉన్నారు. గ్రేవ్స్ రోగుల్ని అడిగితే, జబ్బుకి ముందు ఏడాదిలో కష్టమైన సంఘటనలు మామూలువాళ్ళ కంటే ఎక్కువ చెబుతారని చాలా అధ్యయనాల్లో వచ్చింది కూడా. కానీ ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. జబ్బొచ్చిన మనిషి కారణం కోసం గతాన్ని గాలిస్తాడు, లేనివాడు గాలించడు. పైగా హార్మోను పొంగడం మొదలైతే కోపం, కంగారు, నిద్రలేమి, చీటికీ మాటికీ తగవులు వాటంతటవే వస్తాయి, జబ్బు బయటపడటానికి నెలల ముందే. అంటే టెన్షన్ వల్ల జబ్బొచ్చిందా, జబ్బు వల్ల టెన్షన్ వచ్చిందా అన్నది చాలాసార్లు విడదీయలేం. గ్రేవ్స్‌లో ఒత్తిడికి కొంత పాత్ర ఉండొచ్చని నేను ఒప్పుకుంటాను. హషిమోటోకి మాత్రం ఆ సంబంధం వెతికినా దొరకలేదు. కాబట్టి హషిమోటో ఉన్న ఆడమనిషిని పట్టుకుని నీ ఆలోచనల వల్లే వచ్చింది అనేవాళ్ళ దగ్గర ఏ ఆధారమూ లేదు.

ఇన్ఫెక్షన్ల మీద అనుమానం పాతదే. యెర్సీనియా అనే పేగు బాక్టీరియాలో ఒక ప్రొటీను టీఎస్‌హెచ్ గ్రాహకాన్ని పోలి ఉంటుంది, దాని మీద తయారైన యాంటీబాడీ పొరపాటున థైరాయిడ్ మీద పడుతుందేమోనని చాలా పరిశోధన జరిగింది, తేలలేదు. హెపటైటిస్ సి ఉన్నవాళ్ళలో థైరాయిడ్ ఆటోఇమ్యూనిటీ ఎక్కువన్నది మాత్రం చాలాచోట్ల కనబడింది. వైరస్ తర్వాత గొంతు నొప్పితో వచ్చే సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్ పూర్తిగా వేరే జబ్బు, చాలామంది దాన్నీ దీన్నీ కలిపేస్తారు. అసలు ఆలోచింపజేసేది ఇంకోటి ఉంది, సరిహద్దుకి ఇటు ఫిన్లాండ్, అటు రష్యన్ కరేలియా, దగ్గరి జన్యువులున్న పిల్లలు, కానీ థైరాయిడ్ యాంటీబాడీలు ఫిన్లాండ్ పిల్లల్లోనే ఎక్కువ. అటువైపు బతుకు కష్టం, సూక్ష్మజీవుల తాకిడి ఎక్కువ. చిన్నప్పుడు సూక్ష్మజీవులు మరీ తక్కువగా తగిలినా రోగనిరోధక వ్యవస్థ దారి తప్పుతుందేమోనన్న వాదనకి ఇది బలమిస్తుంది.

గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీను గురించి రెండు మాటలు చాలు. గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు, ఆటోఇమ్యూన్ థైరాయిడ్ ఒకే మనిషిలో ఉండటం మామూలు కంటే ఎక్కువ, ఎందుకంటే జన్యువుల నేల ఒకటే. సీలియాక్ ఉంటే గ్లూటెన్ మానాలి. లేనివాళ్ళు మానితే థైరాయిడ్ నయమవుతుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. విటమిన్ డి తక్కువగా ఉండటం కూడా ఈ రోగుల్లో తరచు కనబడుతుంది, అది కారణమా ఫలితమా అన్నది తేలలేదు, తక్కువుంటే సరిచేసుకోవడం ఎలాగూ మంచిదే.

ఇన్ని విన్నాక ఏది అసలు కారణం అని మళ్ళీ అడిగితే, తిలాపాపం తలా పిడికెడు అన్నట్టే ఉంటుంది. అమ్మానాన్నల నుంచి వచ్చిన ఒక డజను చిన్న తేడాలు, ఆడపిల్లగా పుట్టడం, అయోడిన్, పొగ, ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్, వీటిలో ఏ నాలుగు ఏ వరసలో కలిశాయో ఒక మనిషి విషయంలో ఏ డాక్టరూ చెప్పలేడు. ఇదొక్కటే మూలకారణం, దాన్ని మేం పీకేస్తాం అని డబ్బు అడిగేవాళ్ళు ఎదురైతే ఈ వరస గుర్తు చేసుకోండి.

కారణం తెలియడం వల్ల నిజంగా చేతికి అందే ప్రయోజనం ఒకచోట ఉంది, దాన్ని చివరికి అట్టిపెట్టాను. కడుపులో బిడ్డ ఉన్నన్నాళ్ళూ తల్లి రోగనిరోధక వ్యవస్థ కొంత తగ్గి ఉంటుంది, సగం పరాయిదైన బిడ్డని భరించాలి కాబట్టి. కాన్పయ్యాక ఆ తగ్గింపు పోయి వ్యవస్థ ఒక్కసారిగా పుంజుకుంటుంది. థైరాయిడ్ మీద దాడి మొదలవడానికీ, ఉన్నది విజృంభించడానికీ అదే అదను. గర్భం మొదట్లో టీపీవో యాంటీబాడీలు ఉన్న ఆడవాళ్ళలో మూడింట ఒక వంతు నుంచి సగం మందికి కాన్పు తర్వాతి ఏడాదిలో పోస్ట్‌పార్టమ్ థైరాయిడైటిస్ వస్తుంది. ముందు కొన్ని వారాలు గుండెదడ, కంగారు, తర్వాత నెలల తరబడి నీరసం, దిగులు, మతిమరుపు, జుట్టు ఊడటం. చాలామందికి ఏడాదిలో సర్దుకుంటుంది, కొందరికి అలాగే ఉండిపోతుంది. ఈ లక్షణాలన్నీ చంటిబిడ్డ తల్లికి మామూలే అనిపించేవి కావడంతో ఎవరూ పట్టించుకోరు, ఆమె కూడా నిద్రలేకనే ఇలా ఉన్నాను అనుకుంటుంది. అందుకని ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ జబ్బు, టైప్ 1 డయాబెటిస్ లాంటివి ఉంటే గర్భం ప్లాన్ చేసుకునేటప్పుడే టీఎస్‌హెచ్, యాంటీ టీపీవో గురించి డాక్టర్ని అడగండి. కాన్పయిన మూడు నెలలకో ఆరు నెలలకో ఆమె మనిషి మనిషిలా లేకపోతే, ఓపిక తెచ్చుకో అని చెప్పే ముందు ఒక్కసారి రక్తపరీక్ష చేయించండి.